నేను పెట్టని సంతకం

ముందే చెప్పేస్తున్నాను, నేను పదో తరగతి పాసయ్యాను. ఓపెన్ స్కూల్లో, ముప్ఫై దాటాక, శంషాబాద్‌లో ఒక హోటల్లో దుప్పట్లు మడతపెడుతూ పాసయ్యాను. చివరికి ఏమవుతుందోనని మీరు కంగారు పడాల్సిన పని లేదు. నాకూ కంగారు లేదు, కోపం ఉంది. అది ఇన్నాళ్ళైనా చల్లారలేదు. చల్లార్చుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు.

మాది పాల్మాకుల. తొమ్మిదో తరగతిలో బడి మానేశానని చాలాచోట్ల చెప్పుకున్నాను, దరఖాస్తుల్లోనూ అలాగే నింపాను. అది నిజం కాదు. మానిపించారు. అమ్మకు ఆపరేషన్ అయింది, ఇంట్లో వండే మనిషి కావాలి. అన్న అప్పుడు పదో తరగతిని రెండోసారి వెలగబెడుతున్నాడు. వాణ్ణి మానమని ఎవరూ అనలేదు. "ఆడివిల్లవు, నీకేంది, మల్ల పోవచ్చు తియ్" అన్నాడు బాపు. ఆ ‘మల్ల’ రావడానికి నాకు దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది.

పెళ్ళయ్యాక ఎయిర్‌పోర్ట్ దగ్గరి హోటల్లో హౌస్‌కీపింగ్‌లో చేరాను. లినెన్ రూమ్‌లో పని. గదుల నుంచి దిగే మాసిన దుప్పట్లు ఉతుకుడుకు పంపాలి, ఉతికి వచ్చినవి మడతపెట్టి అంతస్తులవారీగా పైకి పంపాలి. మా సూపర్‌వైజర్ సెలవు పెట్టినప్పుడల్లా ఆయన పని కూడా నేనే చూసేదాన్ని. జీతం మాత్రం మడతపెట్టే జీతమే. ఆయన మరుసటి ఏడాది రిటైర్ అవుతున్నాడని తెలిసి, ఆ పోస్టు నాకిమ్మని అడగడానికి హెచ్‌ఆర్ మేడం దగ్గరికి వెళ్ళాను. ఆవిడది గుంటూరు వైపు. మాట చాలా మర్యాదగా ఉంటుంది.

"మీ పని మీద నాకేం అనుమానం లేదండీ. కానీ సూపర్‌వైజర్‌కి టెన్త్ తప్పనిసరి. మెమో తెచ్చుకోండి, ఆయన వెళ్ళగానే మిమ్మల్నే వేసుకుందాం" అన్నారు.

ఆ రోజు నా మనసు నేల మీద లేదు. ఎవరైనా నన్ను పదో తరగతి చదవమని చెప్పడం అదే మొదటిసారి. చదువు ఆపమన్నవాళ్ళే అప్పటిదాకా నాకు తెలుసు.

శంషాబాద్ బస్టాండ్ వెనక ఒక ప్రైవేటు బడి మేడ మీద ఓపెన్ స్కూల్ స్టడీ సెంటర్ ఉందని మా ఆయన కనుక్కుని వచ్చాడు. ఆయన ఎయిర్‌పోర్ట్‌లో క్యాబ్ నడుపుతాడు, కాబట్టి ఊళ్ళో ఏది ఎక్కడుందో ఆయనకు తెలియనిది లేదు. వెళ్ళాం. సెంటర్ చూసుకునే కోఆర్డినేటర్ సారు ఫోటోలు, ఆధార్ జిరాక్సు తీసుకుని, అంతా అయిపోయినట్టు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"క్లాసులు ఎప్పుడు సార్?" అని అడిగాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఆదివారం ఉంటయ్ అమ్మా. ఉంటయంటే, ఉంటయ్. నువ్వు పని చేసుకునేదానివి, ఎందుకు పరేషాన్ అయితవ్? పరీక్షల నాడు రా, చాలు. పాస్ చేపిచ్చే పూచీ నాది."

"నాకు చదువు రావాలె సార్."

"వస్తది, వస్తది" అన్నాడు, జ్వరం వచ్చిన పిల్లను ఊరడించినట్టు.

పుస్తకాలు అడిగితే ఒక మూల చూపించాడు. కట్టిన తాళ్ళు విప్పకుండా, ఎప్పుడు వచ్చినవో ఏమో, దుమ్ము పట్టి పడి ఉన్నాయి. నా కట్ట నేనే విప్పుకున్నాను. పరీక్ష ఖర్చులని అందరి దగ్గరా విడిగా వసూలు కూడా చేశాడు. అవేం ఖర్చులో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆదివారం మా ఇంట్లో అందరం చర్చికి వెళ్తాం. మా అత్తగారు అయితే జ్వరమొచ్చినా మానదు. నేను చర్చి మాని క్లాసుకు వెళ్తానంటే ఇంట్లో పెద్ద రాద్ధాంతమే అయింది. అందరితో మాటలు పడి, తయారై, పుస్తకాలు పట్టుకుని వెళ్తే గదికి తాళం. పై వారం మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ తాళం. మూడో వారం ఆ మెట్ల మీదే కూర్చుని చదువుకుని వచ్చాను. కింద చాయ్ కొట్టాయన జాలిపడి, "ఈడ ఎవ్వరు రారక్కా, గిది పరీక్షలప్పుడే తెరుస్తరు" అన్నాడు. దేవుడికి ఇవ్వాల్సిన పూట తాళానికి ఇచ్చి వచ్చానని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత ఆ మెట్లెక్కలేదు.

సొంతంగానే చదివాను. లెక్కలు ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను, స్టాఫ్ బస్సులో, చెవుల్లో వైర్లు పెట్టుకుని. మిగతావి లినెన్ రూమ్‌లో. నాతోపాటు దుప్పట్లు మడతపెట్టే అమ్మాయి ఒకతి ఉండేది, మా ఊరిదే, మా చర్చిదే. ఇంటర్ దాకా వెళ్ళాల్సిన పిల్ల, ప్రేమపెళ్ళి చేసుకుని ఎనిమిదితో ఆగిపోయింది. నువ్వూ కట్టవే, ఇద్దరం చదువుకుందామని నేనే చేర్పించాను. పెద్ద దుప్పటి ఒక్కరు మడతపెట్టలేరు. చెరో అంచు పట్టుకుని విదిలించి, ఎదురెదురుగా నడిచి వచ్చి అంచులు కలపాలి. కలిసిన ప్రతిసారీ నేనొక ప్రశ్న అడిగేదాన్ని. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చేలోపు ఆమె జవాబు చెప్పాలి. తను అడిగితే నేను చెప్పాలి. అలా మాకు సైన్సు సగం దుప్పట్లలోనే వచ్చింది.

గుండె పాఠం నాకు ఎంతకూ పట్టుబడలేదు. ఎడమ జఠరిక, కుడి కర్ణిక అని ఎన్నిసార్లు వల్లించినా తారుమారయ్యేది. ఒకరోజు మా హోటల్ సంగతే గుర్తొచ్చింది. మాసిన బట్ట దిగే దారి వేరు, ఉతికిన బట్ట ఎక్కే దారి వేరు, ఆ రెండూ ఎక్కడా కలవకూడదు, కలిస్తే మా ఉద్యోగాలు పోతాయి. గుండెలో చెడు రక్తం, మంచి రక్తం కూడా అంతే. ఆమెకు చెబితే పగలబడి నవ్వింది. కానీ ఆ తర్వాత మా ఇద్దరికీ ఆ పాఠం తప్పలేదు.

పరీక్షలు అత్తాపూర్‌లో ఒక స్కూల్లో పడ్డాయి. ఎక్స్‌ప్రెస్‌వే కింద ఏదో పిల్లర్ నంబరు చెప్పి అక్కడ దిగమన్నారు. గదిలో అందరం పెద్దవాళ్ళమే. క్యాబ్ డ్రైవర్లు, గోదాముల్లో పార్శిళ్ళు సర్దేవాళ్ళు, ఒక బడి ఆయా, చంటిపిల్లను బయట తల్లికి అప్పగించి వచ్చిన ఒకావిడ. చిన్నపిల్లల బెంచీలు, మోకాళ్ళు పట్టడం లేదు. బడి వాసన, సుద్దముక్క వాసన తగలగానే నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఆ సంతోషం బెల్లు కొట్టేదాకానే. ఇన్విజిలేటర్ మేడం తలుపు దగ్గరికి వేసి, సంచిలోంచి గైడు తీసి, "రాసుకోండ్రి, మొదటి ప్రశ్న" అని చదవడం మొదలుపెట్టింది. అందరూ తలలు వంచి రాయడం మొదలుపెట్టారు. ఎవరికీ ఆశ్చర్యం లేదు. అప్పుడు తెలిసింది నాకు, పరీక్ష ఖర్చులంటే ఏమిటో. బస్టాండ్ వెనక గదికి తాళమెందుకో కూడా అప్పుడే తెలిసింది.

నేను నా జవాబు రాద్దామని కూర్చుంటే ఆవిడ గొంతు చెవుల్లో పడి నా మాటలు చెదిరిపోతున్నాయి. ఎడమచేత్తో చెవి మూసుకుని రాశాను. ఆవిడ దగ్గరికి వచ్చి, "ఏందమ్మా, రాస్తలేవు?" అంది.

"రాస్తున్న మేడం. నాకొచ్చింది నేను రాసుకుంట."

"ఫెయిలైతవ్ మల్ల. నాకేంది" అని మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. సాయం చేయబోతే కాదన్నానని ఆవిడకు కోపం. ఎదుటి బెంచీ క్యాబ్ అన్న వెనక్కి తిరిగి, "అక్కా, అందరిది ఒక్కతీరుంటెనే మంచిది, లేకుంటె డౌటొస్తది" అని హితవు చెప్పాడు. ఆ హితవులో ఎంత నిజముందో నాకు తర్వాత తెలిసింది.

అన్ని పరీక్షలూ అలాగే సాగాయి. సైన్సు రోజు గుండె ప్రశ్న వచ్చింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మేడం ఆ రోజు ఏదో తొందరలో ఉంది. గైడులో ఉన్నది ఊపిరి తీసుకోకుండా చదువుకుంటూ పోతోంది. జవాబు చివర అచ్చు వేసిన గమనిక ఒకటి ఉంటుంది కదా, అది కూడా అదే గొంతుతో చదివేసింది. "ఈ ప్రశ్న తప్పక వస్తుంది, రెండుసార్లు చదవండి." గదంతా వంచిన తల ఎత్తకుండా అది కూడా రాసుకుంది. నా పక్క బెంచీలో మా లినెన్ రూమ్ అమ్మాయి కూడా రాస్తోంది.

"గది రాయకే, గది జవాబు కాదు" అన్నాను గుసగుసగా.

"మేడం చెప్పింది కదక్కా. వదిలేస్తె మార్కులు పోతయ్" అంది.

దుప్పటి అంచు పట్టుకుని గుండె పాఠం మొత్తం అప్పజెప్పిన పిల్ల. వచ్చినదాన్ని పక్కన పెట్టి ఆ మాట రాసింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చదువు రానివాళ్ళకు చెప్పి రాయించడం ఒక తప్పు. వచ్చినవాళ్ళకు వాళ్ళ చదువు మీద నమ్మకం లేకుండా చేయడం అంతకంటే పెద్ద తప్పని నేను ఈ రోజుకీ అంటాను.

ఫలితాల రోజు మా సెంటర్‌లో ఒక్కరి పేరు ముందూ మార్కులు లేవు. అందరివీ ఆపేశారు. పేపర్లు దిద్దినవాళ్ళకు వరసగా పేపరు తర్వాత పేపర్లో గుండె జవాబు కింద "ఈ ప్రశ్న తప్పక వస్తుంది, రెండుసార్లు చదవండి" అని కనిపించిందట. దిద్దేవాళ్ళు ఎంత నిద్రమత్తులో ఉన్నా అది దాటిపోలేరు. మమ్మల్నందర్నీ జిల్లా ఆఫీసుకు విచారణకు రమ్మన్నారు. నాకు లోపల భయం లేకపోగా ధైర్యంగా ఉంది. నా పేపర్లో ఆ మాట లేదు. చూస్తారు, తెలుసుకుంటారు, నన్ను వేరుచేస్తారు అనుకున్నాను.

ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. నా వంతు వచ్చింది. బల్ల వెనక ఆఫీసరు నా పేపరు తీసి, పక్కన ఇంకొకరిది పెట్టి, అటూ ఇటూ చూశాడు.

"అందరిది ఒక్కతీరుంది. నీది వేరే ఉంది. నీకెవలు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలేదు సార్. నేనే రాసిన."

"మాసిన బట్ట దారి, ఉతికిన బట్ట దారి... గిది ఏ గైడుల ఉంది?"

"ఏ గైడుల లేదు సార్. నా మాటలు."

ఆయన పక్కనున్న గుమాస్తాను చూసి నవ్వాడు. "ఓపెన్ టెన్త్ రాసేటోళ్ళకు సొంత మాటలు కూడ ఉంటయా? వేరే గైడు తెచ్చుకున్నట్టున్నది ఈమె. హుషారే."

నాకు తల కొట్టేసినట్టయింది. కాపీ కొట్టినవాళ్ళు పాపం అమాయకులు, కొట్టని నేను హుషారుదాన్ని. "కాగితం ఇయ్యుండ్రి సార్, ఇప్పుడే మీ ముంగట రాస్త. ఏ ప్రశ్నైన అడుగుండ్రి" అన్నాను. నా గొంతు పెద్దదైందని నాకు తెలుసు. బయట బెంచీ మీదివాళ్ళు తొంగిచూశారు.

"గంత తీరిక మాకు లేదమ్మా" అన్నాడు. నా పేపరు తీసి మిగతావాటి మీద పెట్టాడు.

చివరికి ఆఫీసరే ఒక దారి చూపించాడు. పనులు చేసుకునే పేదవాళ్ళు, మొదటి తప్పు కింద వదిలేద్దాం అన్నాడు. "పరీక్షలో మేము అక్రమాలకు పాల్పడినాము, మన్నించగలరు" అని టైపు చేసిన క్షమాపణ పత్రం మీద ఒక్కొక్కరూ సంతకం పెడితే మెమోలు ఇచ్చేస్తారు. పెట్టనివాళ్ళ పరీక్ష రద్దు, మళ్ళీ మొదటినుంచి రాసుకోవాలి. గైడు చదివిన మేడం ఏ పత్రం మీద సంతకం పెట్టిందో నేను అడిగాను. ఆఫీసరు ఇంకో ఫైలు తెరిచాడు.

కోఆర్డినేటర్ సారు పెన్ను పట్టుకుని అందరి చుట్టూ తిరిగాడు. క్యాబ్ అన్న పెట్టాడు, బడి ఆయా పెట్టింది, మా అమ్మాయి నావైపు ఒకసారి చూసి పెట్టింది. నా దగ్గరికి వచ్చాడు.

"నేను చెయ్యని దానికి మన్నించమని ఎట్ల రాస్త సార్?"

"రాసుడు లేదమ్మా, టైపు చేసే ఉన్నది. సంతకమే కద."

"సంతకమంటె నేను ఒప్పుకున్నట్టు."

"జర అర్థం చేసుకో. గది ఎవ్వరు చదవరు. ఫైల్ల పడి ఉంటది. నీకు మెమో కావాల్నా, వద్దా?"

కావాలి. ఎంత కావాలో ఆయనకేం తెలుసు. సూపర్‌వైజర్ సెలవు రోజులన్నీ నేను మోసినవి. నెలాఖరుకు ఆయన రిటైర్ అవుతున్నాడు. ఒక్క సంతకంతో మెమో, మెమోతో పోస్టు. పెన్ను నా వేళ్ళ మధ్యకు కూడా వచ్చింది. కానీ లోపల ఆఫీసరు బల్ల మీది కట్టలో నా పేపరుంది, అందులో నా చేత్తో నేను రాసిన గుండె ఉంది. ఈ సంతకం పెడితే అది కూడా దొంగదైపోతుంది. నేను పెన్ను ఆయనకు తిరిగి ఇచ్చేసి బయటికి నడిచాను.

దారిలో మా ఆయన బండి పక్కకు ఆపి మరీ కోప్పడ్డాడు. "పెట్టరాదు, పొయ్యేదేముంది? ఇన్ని రోజులు తండ్లాడింది దేనికోసం?" అన్నాడు. దేనికోసమో నేను చెబితే ఆయనకు అర్థం కాలేదు. అర్థం కానట్టు ఉండడమే సుఖమని ఉన్నాడేమో కూడా.

మెమోలు వచ్చాక మొదటి ఆదివారం మా చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు మేలు చేశాడనుకున్నవాళ్ళు లేచి నిలబడి చెప్పుకుంటారు, మిగతావాళ్ళు స్తోత్రం అంటారు. మా అమ్మాయి కొంగు నెత్తి మీద వేసుకుని లేచింది. "దేవుడు నన్ను టెన్త్ పాస్ చేసిండు" అంది. అందరూ స్తోత్రమన్నారు. ఏ దేవుడు, గైడు పట్టుకున్న దేవుడా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కూర్చున్నాక పాస్టరమ్మ నావైపు తిరిగి, "మన అక్క కోసం కూడ ప్రార్థన చేద్దాం. ప్రభువు ఆమె మొండితనం తీసేసి, ఆమె సంతకం పెట్టేతట్టు హృదయాన్ని మెత్తబరచాలె" అని కళ్ళు మూసుకుంది. ఊరంతా కలిసి నా మనసు మెత్తబడాలని ప్రార్థన చేశారు. చివర్లో ఆమెన్ అన్నప్పుడు అందరికంటే గట్టిగా వినిపించింది మా ఆయన గొంతు. నేను కళ్ళు మూసుకోలేదు. అందరి మూసిన కళ్ళనూ చూస్తూ కూర్చున్నాను.

నెలాఖరుకు హెచ్‌ఆర్ మేడం నన్ను పిలిచారు. కుర్చీ కూడా చూపించారు. "పోస్టు ఖాళీగా ఉంచలేమండీ. ఆ అమ్మాయి మెమో తెచ్చింది కదా, తననే వేసుకున్నాం. మీరేం అనుకోకండి."

"మేడం, ఆ పరీక్షలో ఏం జరిగిందో మీకు తెలుసా?"

"అన్నీ తెలుసండీ, తనే చెప్పింది. కానీ మాకు కావలసింది కాగితం. మీ నిజాయితీని తప్పుపట్టడం లేదు, కాస్త ప్రాక్టికల్‌గా ఉండాలి" అన్నారు, మంచినీళ్ళ గ్లాసు నావైపు జరుపుతూ. ఆవిడ మర్యాదకు నాకు ఆ రోజు కడుపు మండింది. మొహాన తిట్టి ఉంటే బదులు చెప్పేదాన్ని. ఆ నీళ్ళు తాగకుండా వచ్చేశాను.

అప్పటినుంచి నా షిఫ్టులు మా అమ్మాయే వేస్తుంది. ఆమె మీద నాకు కోపం లేదని చెబుతుంటాను. ఉంది. కొంచెం ఉంది. కానీ దుప్పటి అంచు పట్టుకునే మనిషి లేక కొత్తమ్మాయితో మడతపెడుతుంటే కోపం కంటే దిగులే ఎక్కువ వచ్చేది. మానేయమని మా ఆయన అన్నాడు. నేనెందుకు మానాలి? ఒకసారి మానిపించింది చాలదా? మళ్ళీ ఫీజు కట్టాను. తెలుగు నుంచి లెక్కల దాకా అన్నీ మళ్ళీ చదివాను, వచ్చినవే, కోపంతో చదివాను. కోపంతో చదివితే బాగా వస్తుందని అప్పుడే తెలిసింది.

ఈసారి వేరే స్కూలు, అదీ అత్తాపూర్ దారిలోనే. మా ఆయన క్యాబ్‌లో దింపాడు. గేటు దగ్గర, "ఈసారన్న ఎవ్వరితోని లొల్లి పెట్టుకోకు" అన్నాడు. సరే అన్నాను. నిజంగానే సరే అనుకున్నాను.

మొదటి రోజు లెక్కల పరీక్ష. ఇన్విజిలేటర్ సారు పెద్దాయన, రేపో మాపో రిటైరయ్యేట్టున్నాడు. పేపర్లు పంచి, తలుపు దగ్గరికి వేసి, చేతిలో దినపత్రికలో చుట్టిన గైడు విప్పాడు. "పాపం, పొద్దంత పనులు చేసుకోని వస్తరు, మీకేడ చదువ తీరుతది. నేను మెల్లగ చెప్త, అందరు రాసుకోండ్రి" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే, ఒకావిడ చేతులెత్తి దండం పెట్టింది.

ఆ పాపం అన్న మాటకు నేను లేచి నిలబడ్డాను. ఇదిగో ఈ పాపమే. స్టడీ సెంటర్‌కు తాళం వేసింది ఈ పాపమే, ఆఫీసరు చేత మొదటి తప్పని వదిలేయించిందీ ఇదే. మాకు రాదని ముందే తీర్మానం చేసుకుని, ఆ తీర్మానానికి దయ అని పేరు పెట్టుకున్నారు.

"సార్, మాకు పరీక్ష పెట్టుండ్రి" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. "పెడుతున్న కదమ్మా."

"గిది పరీక్ష కాదు సార్. మీరు గైడు చదువుతుండ్రు, మేము రాస్తున్నం. గది ఉతుకుడుకు పోయే బట్టల పద్దు చెప్తె రాసుకున్నట్టు. నేను పరీక్ష రాసెతందుకు వచ్చిన. నాకు పరీక్ష పెట్టుండ్రి."

వెనక బెంచీ నుంచి ఎవరో, "నీకొస్తె నువ్వు రాసుకో అక్కా, మాకెందుకు అడ్డమొస్తవ్?" అన్నారు. ఇంకొకాయన, "పెద్ద కలెక్టర్ అయితది" అన్నాడు. నవ్వులు. నేను బెంచీ పట్టుకుని నిలబడ్డాను.

"నేనెవ్వరికి అడ్డం రాను. సారు సప్పుడు నాకు అడ్డమొస్తున్నది. కిందటిసారి చెవులు మూసుకోని రాసిన. ఈసారి మూసుకోను."

"కూసో అమ్మా, కూసో" అన్నాడు సారు. నేను కూర్చోలేదు. "ఎందుకు లొల్లి, ఎవరన్న పై ఆఫీసుకు ఫోన్ చేస్తరు" అని ఎవరో అన్నారు. ఆ ఫోన్ అన్న మాట ఆయన మొహంలో కనిపించింది. నా మాటకు విలువిచ్చి ఆయన గైడు మూశాడని నేను రాయను. భయపడి మూశాడు. పత్రికలో మళ్ళీ చుట్టి, సంచిలో పెట్టుకుని, కుర్చీలో మొహం తిప్పుకుని కూర్చున్నాడు. అప్పుడు నేను కూర్చున్నాను.

అందరూ నా వైపు గుర్రుగా చూశారు. తర్వాత ఒక్కొక్కరూ తలవంచి పేపరు చదువుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఎవరు పాసయ్యారో ఎవరు తప్పారో నాకు తెలియదు. నన్ను ఎంత తిట్టుకుని ఉంటారో మాత్రం తెలుసు.

నేను రాశాను. చెవులు మూసుకోకుండా, రెండో చేయి పేపరు మీద పెట్టుకుని రాశాను. కూడికలు, శాతాలు, త్రిభుజాలు, తెలిసినవన్నీ తెలిసినట్టే వచ్చాయి. ఒక లెక్క రాలేదు. రెండుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. పక్క బెంచీ ఆయన నన్ను చూసి, అలవాటు కొద్దీ కాబోలు, తన పేపరు నావైపు జరిపాడు. అందులో ఆ లెక్క చేసి ఉంది. నేను తల తిప్పుకున్నాను. ఆ ప్రశ్న నంబరు వేసి, కింద చోటు వదిలేసి, తర్వాతి ప్రశ్నకు వెళ్ళాను. అది నాకు రాదు. నా పేపర్లో అది కూడా నిజమే.